ఏడడుగుల సెల్లార్‌లో ప్రొజెక్టర్: మధ్యలో దూలం, దాని ముందు ఫ్యాను, పక్కన బాత్రూం పైపు. ఏటి చెయ్యాలి?

ఇజినారం_సెల్లారు

అందరికీ నమస్తే. మాది విజయనగరం, కంటోన్మెంట్ వైపు. మా స్థలం రోడ్డు కంటే బాగా పల్లం, నాన్నగారు ఇల్లు కట్టినప్పుడు అన్ని లారీల మట్టి పోసి మెరక చెయ్యడం దండగని కింద ఒక పెద్ద గది దింపీసారు. సెల్లార్ అంటాం గానీ సగం భూమిలో సగం బయట, వెనక గోడకి పైన రెండు వెంటిలేటర్లు ఉంటాయి అంతే. ఇన్నాళ్ళూ బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీలు, తాతగారి నవారు మంచం, గాలి లేని సైకిలు, ఇవే అందులో. ఇప్పుడు చేతిలో ఓ 80 వేలు ఉన్నాయి, అక్కడ హోం థియేటర్ పెట్టాలని ఎప్పట్నుంచో కోరిక.

నిన్న టేపు పట్టుకుని నేనే కొలిచాను. పొడవు 18 అడుగులు, వెడల్పు 11. నేల నుంచి శ్లాబు 7 అడుగుల 1 అంగుళం. అసలు గొడవేంటంటే తెర పెడదామనుకున్న గోడ నుంచి 9 అడుగుల్లో అడ్డంగా ఒక దూలం ఉంది, అది శ్లాబు కంటే 10 అంగుళాలు కిందకి దిగిపోయింది, అంటే దూలం కింద 6 అడుగుల 3 అంగుళాలే. మా బావ ఆరడుగుల పైన ఉంటాడు, చెప్పులేసుకుని వచ్చాడంటే దూలానికి నుదురు ఓసారి తగిలించుకుని గానీ వెళ్ళడు. దూలానికి ఇవతల, తెర గోడ నుంచి 5 అడుగుల్లో సీలింగ్ ఫ్యాను, పొట్టి రాడ్డే వేయించాం, అయినా రెక్కలు శ్లాబుకి 10 అంగుళాలు కిందే తిరుగుతాయి. ఎడమ గోడ పక్కనుంచి పై బాత్రూం పైపు, 4 అంగుళాలది, శ్లాబు కిందే పోతుంది.

వైజాగ్‌లో ఒక షాపుకి వెళ్తే గది ఎంతుందో కూడా అడక్కుండా "120 అంగుళాలు వచ్చేస్తుంది సార్, సీలింగ్‌కి తగిలించీడమే" అన్నాడు. మేస్త్రిని పిలిస్తే దూలం కింద మూడంగుళాలు చెక్కీమంటే చెక్కేస్తానన్నాడు. పీఓపీ అతనేమో ఫాల్స్ సీలింగ్ వేసి లోపల లైట్లు పెడితే అచ్చం థియేటర్ లుక్కే అంటాడు, అంటే ఇంకో ఆరంగుళాలు పోతాయి, అప్పుడింక బావ పాక్కుంటూ రావాలి. ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు. ఇంత తక్కువ ఎత్తులో పెట్టుకున్నవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, అసలు అవుతుందా లేక ఆశ వదులుకోమంటారా.

నాగావళి_ఒడ్డు

తమ్ముడూ ముందు ఏదీ కొనీకు. మాది శ్రీకాకుళం. నాను ముందు ప్రొజెక్టర్ కొనీసి తరవాత గది కొలిసినోణ్ణి కాబట్టి సెప్తన్నాను.

మా మేడ మీద గది 11 అడుగులు. డబ్బా మీద 300 అంగుళాల దాకా అని పెద్ద అక్షరాలు, మన గదిలో ఎంతొస్తాదో ఎవుడూ సెప్పడు కదా. తీరా బిగించినాక లెన్స్ నుంచి గోడకి తొమ్మిదిన్నర అడుగులే మిగిలింది, బొమ్మ 87 అంగుళాల దగ్గర ఆగిపోనాది. సరే అదీ ఎక్కువే అనుకున్నాం. ఫ్యాను ఏసేసరికి తెర మీద గెద్ద ఎగిరినట్టు నీడ, గిర్రు గిర్రుమని, మా మామ్మకి కళ్ళు తిరిగీసి కిందకెళ్ళిపోనాది. ఫ్యాను ఆపితే సెమట, ఏస్తే గెద్ద. ఫ్యానుకి తగలకుండా ఉండాలని ప్రొజెక్టర్‌ని కిందకి దించి ముక్కు పైకెత్తి పెట్టినాను, బొమ్మ సాట లాగా అయిపోనాది, పైన ఎడల్పు కింద ఇరుకు. కీస్టోన్ అని వంకర బొమ్మని సదరం సేసే బటన్ ఉంటాది, అది నొక్కితే సదరంగా అయితే అయ్యింది గానీ ఆ మిషన్ ఉన్న బొమ్మనే లోపలికి నొక్కి సదరం సేస్తాది తప్ప కొత్తగా ఏటీ పుట్టించదు కదా, సబ్‌టైటిల్స్ అంచులు అలుక్కుపోయినాయి, సుట్టూ బూడిద రంగు ఎలుగు పట్టీ మిగిలిపోనాది. రెండేళ్ళు అలాగే సూసాం. ఎవరైనా ఇంటికొచ్చి బాగుందా అంటే బాగుందనీవోణ్ణి.

నువ్వు టేపు పట్టుకున్నావు చూడు, సగం పని అయిపోనట్టే.

ఇంచుటేపు

కొలతలన్నీ ఇచ్చారు కాబట్టి లెక్క కట్టి చెప్పొచ్చు, ఇలా అడిగేవాళ్ళు తక్కువ. కాస్త పొడుగవుద్ది, ఓపిగ్గా చదవండి.

బొమ్మ సైజు మూల నుంచి మూలకి చెప్తారు. 100 అంగుళాల బొమ్మంటే వెడల్పు 87, ఎత్తు 49 అంగుళాలు. 120 అయితే వెడల్పు 104న్నర, ఎత్తు 59. ప్రతి ప్రొజెక్టర్‌కీ త్రో రేషియో అని ఒక నంబర్ ఉంటుంది, లెన్స్ నుంచి తెరకి ఉన్న దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది అదే. మీ బడ్జెట్‌లో మామూలుగా దొరికేవి 1.1 నుంచి 1.6 మధ్యలో ఉంటాయి. ఉదాహరణకి బెంక్యూ టీహెచ్685 అనే ప్రొజెక్టర్ తీసుకుంటే 1.13 నుంచి 1.46. కొనమని కాదు, లెక్క కోసం.

మీ షాపతను చెప్పిన 120 చూద్దాం. 104న్నర ఇంటూ 1.13, అంటే 118 అంగుళాలు, దాదాపు 9 అడుగుల 10 అంగుళాలు. లెన్స్ దూలం వెనక్కి పోయింది. అప్పుడు ప్రొజెక్టర్ దూలం కంటే కిందకి వేలాడాలి, నేల నుంచి ఓ 73 అంగుళాల దగ్గర లెన్స్. ఈ రకం మిషన్లకి ఆఫ్‌సెట్ అని ఒకటుంటుంది, తలకిందులుగా సీలింగ్‌కి బిగిస్తే బొమ్మ పై అంచు లెన్స్ కంటే ఇంకాస్త కింద మొదలవుద్ది, చాలావాటికి బొమ్మ ఎత్తులో పదో వంతు అనుకోండి. ఇక్కడ 6 అంగుళాలు. 73లోంచి 6 తీసేసి, 59 తీసేస్తే మిగిలేది 8. తెర కింద అంచు నేలకి జానెడు కూడా ఉండదు, ఇల్లు తుడిచిన ప్రతిసారీ తెర కూడా తుడవాలి.

ఇప్పుడు దూలానికి ఇవతలే ఉండేలా చూద్దాం. 100 అంగుళాలకి 87 ఇంటూ 1.13, 98 అంగుళాలు, 8 అడుగుల 2. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఇక్కడే అందరూ బోల్తా పడతారు, ఆ దూరం లెన్స్ దాకానే, మిషన్ ఒళ్ళు ఇంకా వెనక్కి ఉంటుంది. దీని లోతు దాదాపు 10 అంగుళాలు, దాని వెనక వైర్లు గుచ్చడానికి కనీసం మూడు నాలుగు అంగుళాలు కావాలి. అంటే 9 అడుగుల 3. దూలం 9లోనే ఉంది. పెట్టలేం.

92 అంగుళాలకి తగ్గండి. వెడల్పు 80, ఎత్తు 45. లెన్స్ 90 అంగుళాల దగ్గర, అంటే ఏడున్నర అడుగులు, ఒళ్ళు 8 అడుగుల 4కి అయిపోతుంది, దూలానికి ఇంకా 8 అంగుళాల ఖాళీ. వైర్లకీ, వేడి గాలి బయటకి పోవడానికీ సరిపోద్ది. మూడంగుళాల పొట్టి మౌంట్ వేస్తే లెన్స్ శ్లాబుకి 6 అంగుళాల కింద, నేల నుంచి 79. ఆఫ్‌సెట్ నాలుగున్నర పోతే బొమ్మ 74న్నర దగ్గర మొదలై 29న్నర దగ్గర ఆగుద్ది, నేల నుంచి రెండున్నర అడుగులు. సోఫాలో కూర్చుంటే కన్ను ఓ 40 అంగుళాల ఎత్తులో ఉంటుంది కాబట్టి మెడ ఎత్తక్కర్లేదు. పైగా మిషన్ అడుగు భాగం 6 అడుగుల 5న్నరలో ఉంటుంది, మీ దూలం కంటే పైనే, కాబట్టి బావగారు ముందు దూలానికి కొట్టుకుంటారు, ప్రొజెక్టర్ సేఫ్.

ఫ్యాను మాత్రం తీసెయ్యాలి, మారు మాట లేదు. 5 అడుగుల దగ్గర వెలుగు 77న్నర నుంచి 62న్నర అంగుళాల ఎత్తు దాకా పరుచుకుని ఉంటుంది, మీ రెక్కలు 75లో. శ్రీకాకుళం అన్న చెప్పిన గెద్దే మళ్ళీ.

కాశీబుగ్గ_కుర్రోడు

ఇవన్నీ ఎందుకు బ్రో, అల్ట్రా షార్ట్ త్రో తీసుకో, గోడకి జానెడు దూరంలో బల్ల మీద పెట్టెయ్, సీలింగ్ గొడవే లేదు, దూలం గొడవే లేదు, ఎవడు అడ్డం నడిచినా నీడ పడదు. మా ఫ్రెండ్ ఇంట్లో చూసాను సూపర్ ఉంది.

ఇంచుటేపు

నీడ పడదన్న మాట నిజమే, అందులో దానికి పోటీ లేదు. కానీ వీళ్ళ గదిలో చూడు. బల్ల 16 అంగుళాలు, మిషన్ ఓ 5, దాని మీద నుంచి బొమ్మ మొదలయ్యేసరికి ఇంచుమించు ఇంకో అడుగు, మోడల్‌ని బట్టి మారుద్ది, అప్పటికే 33 అయ్యింది. 100 అంగుళాలకి 49 కలిపితే 82. శ్లాబు 85. మూడంగుళాలు మిగిలాయి, అందులో తెర ఫ్రేమ్ పోను ఏం మిగుల్తుంది. బల్ల పొట్టిది చేయిస్తే పడుతుంది, కాదనను. అసలు భయం అది కాదు. అంత దగ్గర నుంచి ఏటవాలుగా వెలుగు కొడితే గోడ మీద గానీ తెర గుడ్డలో గానీ అణువంత ఎగుడుదిగుడున్నా అల లాగా కనిపిస్తుంది. సెల్లార్ గోడ, చెమ్మకి ఎక్కడో ఒకచోట పొంగే ఉంటుంది. దానికి బిగుతైన ఫ్రేమ్ తెర, అది కూడా కింది నుంచి వచ్చే వెలుగుని మాత్రమే తిప్పి పంపే రకం కొనాలి. మిషనూ తెరా కలిపి 80 వేలల్లో అవ్వదు.

ఇంకో దారి కూడా ఉంది, చెప్పకపోతే తప్పు. లెన్స్ షిఫ్ట్ ఉన్నవి. ఎప్సన్ టీడబ్ల్యూ7000 లాంటి వాటిల్లో ఒక చక్రం తిప్పితే మిషన్ కదలకుండా బొమ్మ పైకీ కిందకీ 60 శాతం జరుగుద్ది. వెనక్కి, 15న్నర అడుగుల దగ్గర నేల నుంచి 72 అంగుళాల ఎత్తులో అర వేసి పెట్టి, దూలం కింద నుంచి 100 అంగుళాల బొమ్మకి వెలుగు పంపొచ్చు. బొమ్మ పై అంచు 76 దగ్గర పెడితే వెలుగు దూలానికి అంగుళం పైచిలుకు కిందగా పోద్ది. 79కి లేపారంటే దూలాన్ని రాసుకుని పోద్ది, తెర పైన నల్ల గీత పడుద్ది. సోఫా వెనకాల ఎవరైనా నిలబడి నడిస్తే తల వెలుగులో పడుద్ది, 5 అడుగుల 8 ఉన్నవాళ్ళదైనా సరే. ఖర్చూ ఎక్కువే. నాకైతే దూలం ముందు 92 నయమనిపిస్తుంది.

టీవీ_చాలు

75 అంగుళాల టీవీ కొనుక్కోండి. దూలం, ఫ్యాను, బావ అందరూ హ్యాపీ.

ఇజినారం_సెల్లారు

టీవీ అన్న గారూ, ఆ మెట్ల మలుపులో నవారు మంచమే విడగొట్టి దింపాం, 75 అంగుళాల పెట్టె దిగదు. పైగా మా తాతగారి ఊళ్ళో తీర్థానికి రెండు గెడలు పాతి పంచె కట్టి సినిమా వేసేవాళ్ళు, తెరకి అవతలి వైపు కూర్చుంటే అక్షరాలు తిరగబడి కనిపించేవి, అటే ఖాళీ ఉండేదని మేము అటే కూర్చునేవాళ్ళం. ఆ వెలుగు మన తల మీంచి వెళ్ళడం టీవీలో ఎక్కడొస్తుంది.

ఇంచుటేపు గారూ చాలా థాంక్స్ అండీ. 92 అంటే మొదట చిన్నదైపోతుందేమో అనిపించింది గానీ గోడ మీద టేపుతో గీసి చూస్తే ఇంట్లో ఉన్న 43 అంగుళాల టీవీలు నాలుగు పట్టేలా ఉంది. ఇంకొక డౌట్, దూలం చెక్కే సంగతి ఎవరూ మాట్లాడలేదు. మూడంగుళాలు చెక్కితే 100 పడుతుంది కదా అని మేస్త్రి రోజూ ఫోన్ చేస్తున్నాడు.

సెంట్రింగ్_సారు

ఆ మేస్త్రి ఫోన్ ఎత్తకండి. సివిల్‌లో ఇరవై ఏళ్ళ నుంచి ఉన్నాను, కోపంతో కాదు భయంతో చెప్తున్నాను.

దూలం కింద భాగమే దాని బలం. పైన బరువు పడితే దూలం కింద వైపు సాగుతుంది, ఆ సాగుడుని పట్టుకునే ఊచలు కింద ఉంటాయి, వాటి మీద ఉండే కాంక్రీటు కవరు ఓ అంగుళం. మూడంగుళాలు చెక్కాడంటే ఊచలు బయటపడతాయి, సెల్లార్ చెమ్మకి తుప్పు పడతాయి, మీ పైన హాలు, ఆ పైన ఇంకా ఉంటే అదీ ఆ దూలం మీదే ఉంది. చెక్కినా మీకొచ్చేది ఆ ఎనిమిదంగుళాల తెర, దానికోసం ఇల్లు పణం పెడతారా. అసలు దూలానికి మౌంట్ కూడా బిగించకండి. శ్లాబుకి బిగించండి, మూడు కిలోల మిషన్‌కి పొట్టి యాంకర్లు చాలు, లోతు వెయ్యక్కర్లేదు, డ్రిల్లుకి ఊచ తగిలితే అక్కడ ఆపీసి రెండంగుళాలు పక్కకి జరపండి, బలం పెట్టి తొయ్యకండి. బాత్రూం కింద భాగంలో అస్సలు డ్రిల్ వెయ్యొద్దు.

ఇంకెవడో వచ్చి నేల తవ్వి ఆరంగుళాలు దించుదామంటాడు, అదీ వద్దు. వానాకాలంలో భూమిలో నీరు పైకొస్తుంది, ఇప్పుడున్న నేలే దాన్ని ఆపుతోంది.

అదే నా అసలు ప్రశ్న. నీళ్ళెప్పుడైనా వచ్చాయా?

ఇజినారం_సెల్లారు

వచ్చాయండి. హుద్‌హుద్ అప్పుడు, 2014 అక్టోబర్లో, వెంటిలేటర్లోంచి వచ్చి మోకాలి లోతు నిలిచాయి, కరెంటు లేదు మోటారు లేదు, బకెట్లతో ఎత్తి పోశాం. తరవాత వెంటిలేటర్ల కింద గట్టు లేపాం, అప్పట్నుంచి నీళ్ళు రాలేదు. కాకపోతే తెర పెడదామనుకున్న గోడకి కింద రెండడుగులు సున్నం పొట్టు రాలుతూ ఉంటుంది, చెయ్యి పెడితే చల్లగా తగుల్తుంది.

సెంట్రింగ్_సారు

అయితే ప్రొజెక్టర్ తరవాత, ముందు ఆ గోడ. రాలుతున్నదంతా గీకి, ప్లాస్టర్ తీసి, లోపలి వైపు నుంచి నీటి ఒత్తిడిని ఆపే వాటర్‌ప్రూఫ్ కోటింగ్ సిమెంటులో కలిపేది వేయించండి. రంగుల షాపులో అమ్మే మామూలు డ్యాంప్ పెయింట్ పూస్తే ఒక వానకి బుడగలొచ్చి ఊడిపోద్ది. ప్లాస్టర్ ఆరాక ఓ గజం పాలిథిన్ షీటు నాలుగు వైపులా టేపుతో గోడకి అతికించి రెండ్రోజులు ఉంచండి, లోపలి వైపు నీటి చుక్కలు కనిపిస్తే గోడ ఇంకా తాగుతోందని అర్థం. ప్లగ్గు బోర్డులన్నీ నడుం ఎత్తులో పెట్టండి, హుద్‌హుద్‌ని గుర్తు పెట్టుకుని.

నాగావళి_ఒడ్డు

సారు సెప్పింది నిజం. తిత్లీ ఎళ్ళిన సంవత్సరం, 2018లో, మా చుట్టాలింట్లో సుట్టలు సుట్టీ తెర ఒకటుండేది, ఏసినోళ్ళు దాన్ని సుట్టీసి ఒదిలీసారు. సంక్రాంతికి ఇప్పి సూస్తే నల్ల సుక్కలు, హీరో మొహమ్మీద మసూచికం లాగా. సెల్లార్లో సుట్టే తెర పెట్టకు, ఫ్రేముది పెట్టు, గోడకి అంటించీకుండా రెండంగుళాలు గేప్ ఇచ్చి తగిలించు, గాలి ఆడాలి. లెన్స్‌కి కూడా బూజు పడతాది, వాడనప్పుడు గుడ్డ కప్పీసి వారానికి ఓసారైనా ఏదోటి ఎయ్యాలి, గుంటలకి కార్టూనైనా.

ఇంచుటేపు

ఇంకో విషయం మర్చిపోయాను, తక్కువ ఎత్తు గదుల్లో ఇదే అన్నిటికంటే పెద్ద తేడా చూపిస్తుంది. శ్లాబు రంగు. బొమ్మ పై అంచుకీ శ్లాబుకీ మధ్య పదంగుళాలే ఉంది మీకు. తెర మీద పడ్డ వెలుగు తెల్ల శ్లాబుకి తగిలి మళ్ళీ తెర మీదకే తిరిగొస్తుంది, చీకటి సీన్లన్నీ బూడిద పూసినట్టుంటాయి. లక్ష రూపాయల మిషన్ పెట్టినా అదే గతి. శ్లాబుకి తెర వైపు నుంచి దూలం దాకా, దూలం ముందు ముఖంతో సహా, మెరుపు లేని నల్ల రంగు వేయించండి. దూలం వెనక తెలుపు ఉన్నా పర్వాలేదు. మీరు తిడుతున్న ఆ దూలమే వెనక లైటు ముందుకి రాకుండా కొంత ఆపుద్ది.

హెచ్‌డీఎంఐ వైరుకి పైపు వేసేటప్పుడు కరెంటువాళ్ళు ముప్పావు అంగుళం పైపు వేసేస్తారు, అందులో వైరు పడుద్ది గానీ వైరు చివరి ప్లగ్గు పట్టదు. ఒకటిన్నర అంగుళం పైపు, మూలల్లో ఎల్బో కాకుండా పొడుగు బెండు. మీకు 5 మీటర్లు సరిపోద్ది కాబట్టి మంచి రాగి వైరే చాలు. రేపు 4కే మిషన్‌కి మారి సోఫా వెనక్కి 10 మీటర్లు లాగాలంటే ఫైబర్ వైరు, దానికి రెండు చివర్లూ ఒకటి కాదు, తిప్పి పెడితే బొమ్మే రాదు, పైపులో దూర్చే ముందు చూసుకోండి.

బొబ్బిలి_బేస్

సౌండ్ గురించి ఒక ముక్క. డాల్బీ ఆట్మాస్ అని తల మీద నుంచి కూడా సౌండ్ వచ్చే పద్ధతి ఉంది, దానికోసం పైకి కొట్టి శ్లాబు నుంచి తిప్పి పంపే స్పీకర్లు కొనకండి. డాల్బీవాళ్ళే సీలింగ్ ఏడున్నర నుంచి 14 అడుగుల మధ్య ఉండాలంటారు, మీది ఏడు. 5.1, అంటే ఐదు స్పీకర్లూ ఒక సబ్ వూఫరూ ఉండే సెట్టు, మంచిది పెట్టుకుని సబ్ వూఫర్‌ని మూల నుంచి కొంచెం కొంచెం జరుపుతూ వినండి, కాంక్రీటు పెట్టె లాంటి గదిలో మూలన పెడితే అంతా బుం బుం మంటుంది.

కరెంటు పోతే? ల్యాంపు మిషన్ అయితే వేడి మీద ఆగిపోయి మళ్ళీ చల్లారేదాకా వెలగదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ముందు ప్యూర్ సైన్ వేవ్, అంటే లైను కరెంటు లాంటి నున్నటి కరెంటు ఇచ్చే రకం, అవునో కాదో చూడండి, తరవాత దాని వెనక స్విచ్చు చూడండి, చాలావాటికి యూపీఎస్ మోడ్ అని ఉంటుంది, అది వేస్తే రెప్పపాటులో మారుద్ది.

ఇజినారం_సెల్లారు

మూడు వారాల తరవాత రాస్తున్నాను, ఎవరైనా ఇంకా చూస్తున్నారో లేదో.

గోడ అయ్యింది. పాలిథిన్ మొదటిసారి పెడితే పొద్దున్నకి లోపల చెమట పట్టినట్టు నీళ్ళు, మళ్ళీ పది రోజులు ఆగి పెడితే పొడిగా ఉంది. ప్రొజెక్టర్ ఇంకా కొనలేదు, కొనే ముందు ఒక నాటకం ఆడాం. గోడ మీద 80 ఇంటూ 45 కొలిచి పాత పేపర్లు అతికించాం. చెప్పుల అట్టపెట్టె ఇంచుమించు మిషన్ సైజే ఉంది, దాన్ని శ్లాబుకి మూడంగుళాల కింద పురికొసతో వేలాడదీసి, ముందు వైపు బొక్క పెట్టి, ఆ బొక్కలోంచి నాలుగు దారాలు తీసి పేపర్ల నాలుగు మూలలకీ మేకులు కొట్టి కట్టాం. వెలుగు పోయే దారంతా కళ్ళకి కట్టినట్టు కనిపించింది. దారాలు కట్టే ముందే ఫ్యాను తీసి గోడ ఫ్యాను పెట్టించాం, తీసిన కొక్కెం మాత్రం ఇంకా కిందకి ఉంది, పై దారం సరిగ్గా దానికి అంగుళం కిందగా పోయింది. పైపు జోలికి ఏ దారమూ వెళ్ళలేదు. అమ్మ బట్టలు ఆరెయ్యడానికనుకుని ఒక తువ్వాలు తెచ్చింది.

తరవాత బావని పిలిచి సోఫా మీద కూర్చోమని, లేవమని, మంచినీళ్ళు తెచ్చుకుని రమ్మని రెండుసార్లు నడిపించాం. సోఫా 10 అడుగుల దగ్గర, లెన్స్ దాని ముందు ఏడున్నరలో కాబట్టి సోఫా వెనక ఎంత తిరిగినా దారం కదల్లేదు. ముందు నుంచి నడిస్తే మాత్రం మొదటి దారం తెంపాడు. మెట్లు వెనకే ఉన్నాయి కాబట్టి గొడవ లేదు. అట్టపెట్టెకి తల తగల్లేదు. దూలానికి తగిలింది.

నల్ల రంగు అనేసరికి ఇంట్లో పెద్ద రచ్చ. ఇంటి కప్పుకి నలుపేంట్రా అని అమ్మ. చివరికి ముదురు నేరేడుపండు రంగు, మెరుపు లేనిది, దూలం దాకా. పెయింటర్ ఒక డబ్బా అయ్యాక వెనక్కి జరిగి చూసి ఏమీ అనకుండా బీడీ కాల్చుకోడానికి బయటకెళ్ళాడు. దానికి ఇంచుటేపు గారిదే పూచీ.

మిగిలింది ఒకటే. పైన ఎవరైనా ఫ్లష్ కొడితే ఎడమ గోడ పక్కనుంచి పెద్ద చెరువు కట్ట తెగినట్టు సౌండ్. సినిమాలో ఎవరో చచ్చిపోతుంటే ఇదొస్తే ఎలాగ. పైపుకి ఏం చుట్టాలి?

సెంట్రింగ్_సారు

పాత బొంతలు ఉంటే రెండు పొరలు బిగించి చుట్టండి, దాని మీద ప్లైవుడ్ పెట్టె కట్టించండి, పెట్టె పైపుకి తగలకూడదు. జాయింట్ల దగ్గర మాత్రం తీసేలా తలుపు ఉంచండి, ఎప్పుడైనా లీకైతే మొత్తం పీకాల్సొస్తుంది. కొక్కెం కొయ్యకండి, అది ఇప్పుడు వెలుగుకి అడ్డం లేదు కదా.

నాగావళి_ఒడ్డు

మొదటి బొమ్మ ఏసినప్పుడు సెప్పు తమ్ముడూ, అరసవల్లి నుంచి ప్రసాదం తెస్తాను. బావకి హెల్మెట్టు కూడా.

ఇజినారం_సెల్లారు

తప్పకుండా రండన్నా. బొంతలు దొరికాయి, నవారు మంచం మీదున్నవే. ఇప్పుడు అమ్మ అడుగుతోంది ఆవకాయ జాడీలు ఎక్కడ పెట్టాలని. దూలం వెనక, తెల్ల శ్లాబు కింద అని చెప్పాను.